గడ్డి లారీలో వచ్చిన పాము ఏ ఊరిది?

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఊళ్లలో ధాన్యం గోదాముల దగ్గర, కట్టెల డిపోల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది: “లోడులో పామొచ్చింది.” దాని వెంటే ఇంకో మాట వస్తుంది: “ఇది మన వైపు పాము కాదు, ఆంధ్రా నుంచి వచ్చింది.” సరిహద్దు దాటి పాతపట్నంలో అడుగుపెడితే అదే మాట తిరగబడుతుంది. అక్కడ పాము ఒడిశా కొండల నుంచి దిగివచ్చినది అవుతుంది.

ఈ చిన్న మాటలో చాలా ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. సరుకుతో పాటు పాము నిజంగా అంత దూరం ప్రాణాలతో రాగలదా? వస్తే ఇక్కడ నిలదొక్కుకుని, సంతానం పెంచుకుని కొత్త బెడద అవుతుందా? అది కరిస్తే మన ఆసుపత్రిలో ఉన్న మందు పనిచేస్తుందా? చివరగా, ఎవరూ పెద్దగా అడగనిది: పట్టుకున్న పామును ఎక్కడ వదలాలి? వీటిలో దేనికి జవాబు వెతికినా ఒకే సమాచారం దగ్గరికి వచ్చి ఆగుతాం. ఆ లోడు ఏ ఊళ్లో ఎక్కించారు, దారిలో ఎక్కడ ఆగింది? లారీ ఖాళీ చేసి డ్రైవరు వెళ్లిపోయేసరికి మన దగ్గర లేకుండా పోయేది సరిగ్గా ఆ సమాచారమే. దాన్ని మనం ఎందుకు నిలబెట్టుకోవాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పాము లోడులోకి ఎలా చేరుతుంది

పాము లారీ ఎక్కదు. లారీ ఎక్కబోయే సరుకులో ముందే ఉంటుంది.

వరిగడ్డినే తీసుకుందాం. నూర్పిడి అయ్యాక కూడా గడ్డిలో ఎన్నో కొన్ని గింజలు మిగులుతాయి. వాటి కోసం ఎలుకలు చేరతాయి. ఎలుకల కోసం జెర్రిపోతు, నాగుపాము, రక్తపింజరి వస్తాయి. మన వైపు చాలామంది పొడపాము అనే రక్తపింజరికి గడ్డి రంగులో కలిసిపోవడం పుట్టుకతో వచ్చిన విద్య. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు కాబట్టి చలి రాత్రుల్లో గడ్డివాము లోపలి వెచ్చదనం దానికి మంచి చోటు. తెల్లవారుజామున కూలీలు మోపులు కట్టి లోడు చేసే వేళకు అది మందకొడిగా ఉంటుంది, ఎత్తి విసిరినా కదలకపోవచ్చు. ఎండ ఎక్కి, టార్పాలిన్ కింద వేడి పెరిగాక దానికి చురుకు వస్తుంది. అందుకే లోడు ఎక్కించినవాళ్లకు కనబడని పాము దించేవాళ్ల చేతికి తగులుతుంది.

ప్రయాణాన్ని అది తట్టుకోగలదా అంటే, ఆకలి దానికి పెద్ద అడ్డంకి కాదు. చాలా జాతులు వారాల తరబడి తిండి లేకుండా ఉండగలవు. ప్రాణం తీసేది వేడి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే చాలా పాములు బతకవు. మే నెల మధ్యాహ్నం లోడు పైవరసలో ఉన్న పాము దారిలోనే చనిపోతుంది. అదే లోడు అడుగున, నీడలో, కాస్త తేమలో ఉన్నది బతుకుతుంది. చలికాలం, వానాకాలం ప్రయాణాల్లో బతికి వచ్చే అవకాశం ఎక్కువ. ఇప్పుడు యంత్రంతో గడ్డిని రోల్స్‌గా చుడుతున్నారు. అందులో చిక్కిన పాము నలిగి చనిపోయి రావచ్చు. చచ్చింది కదా అని తలను చేత్తో ముట్టుకోకండి. చనిపోయిన కాసేపటి వరకు పాము తల అసంకల్పితంగా కరవగలదు, విషమూ దిగుతుంది.

సరుకును బట్టి పాము మారుతుంది. రావులపాలెం మార్కెట్ నుంచి ఒడిశాకు వచ్చే అరటి గెలల్లో కనబడేవి ఎక్కువగా ఆకుపచ్చటి పసిరిక పాములు, సన్నటి చెట్టు పాములు. వీటివల్ల మనిషి ప్రాణానికి ముప్పు లేదు. వెదురు లోడు సంగతి వేరు. తూర్పు కనుమల వెదురు పొదల్లో పచ్చటి పింజరి ఒకటుంది. ముక్కోణపు తల, కదలకుండా గంటల తరబడి కొమ్మకు చుట్టుకుని ఉండే అలవాటు దానివి. కోసిన వెదురు గెడలతో పాటు కొండ దిగి మైదానానికి రావడం దానికి సులువు. రాయగడ దగ్గరి కాగితపు మిల్లుకు ఆంధ్రా జిల్లాల నుంచి సరుగుడు, నీలగిరి, సుబాబుల్ దుంగలు వస్తుంటాయి. కోసిన దుంగలను రోడ్డు పక్కన రోజుల తరబడి పేర్చి ఉంచుతారు. ఆ పేర్పు అడుగున, నేలకు ఆనుకున్న ఖాళీల్లో కట్లపాము పగలంతా దాక్కోవడానికి కావలసినంత చీకటి దొరుకుతుంది. బెంగాల్ నుంచి వచ్చే బంగాళాదుంపల బస్తాల గురించి కూడా కొందరు భయపడుతుంటారు. కోల్డ్ స్టోరేజ్ చలిలో నెలల తరబడి ఉండి వచ్చిన బస్తాలో బతికున్న పాము ఉండే అవకాశం చాలా తక్కువ. దారిలో ఏ మధ్య గోదాములోనో బస్తాలు దించి మళ్లీ ఎక్కిస్తే మాత్రం అక్కడి పాము చేరవచ్చు.

ఇక మొక్కలు. కడియం నర్సరీల నుంచి ఒడిశా, మహారాష్ట్ర దాకా మట్టి ముద్దలతో, కుండీలతో మొక్కలు వెళ్తాయి. పెద్ద పాముల భయంలో పడి మనం పట్టించుకోని లోడు ఇదే. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ దూరం వ్యాపించిన పాము ఈ దారిలోనే ప్రయాణించింది, అదీ మన ప్రాంతపు పామే.

కుండీలో ప్రపంచం చుట్టిన పాము

వర్షం పడ్డాక పెరట్లో, స్నానాల గదిలో, కుండీ జరిపితే దాని కింద, నల్లగా మెరుస్తూ వానపాములా కనబడే సన్నటి జీవిని మీరు చూసే ఉంటారు. జానెడు పొడవు కూడా ఉండదు. కళ్లు పొలుసుల కింద చిన్న చుక్కల్లా ఉంటాయి. తల ఏదో తోక ఏదో వెంటనే తెలియదు. అది పామే. గుడ్డిపాము అంటారు. చెవిలో దూరుతుందని, తాకితే కుష్టు వస్తుందని చెప్పి దాన్ని చంపేస్తారు. రెండూ నిజం కావు. దానికి విషం లేదు. చీమల, చెదల గుడ్లూ పిల్లలే దాని ఆహారం. చెదలు తినే జీవిని రైతు చంపుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

1780లలో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు కోరమాండల్ తీరపు పాములను సేకరించి, బొమ్మలు గీయించి, 1796లో పుస్తకంగా అచ్చు వేయించాడు. పాముల పేర్లు ఇక్కడివాళ్లు చెప్పినవి చెప్పినట్టే రాసుకున్నాడు. రక్తపింజరిని అందులో ‘కాటుక రేకుల పొడ’ అన్నాడు. తర్వాత ప్రపంచమంతా దాన్ని రస్సెల్స్ వైపర్ అని అతని పేరుతోనే పిలుస్తోంది. ఈ గుడ్డిపాము కూడా అందులో ‘రెండు తలల పాము’గా ఉంది. ఆ బొమ్మ ఆధారంగానే 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త డోడాన్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. అంటే శాస్త్ర గ్రంథాల్లో దాని చిరునామా విశాఖపట్నం.

ఇప్పుడది ఆఫ్రికాలో ఉంది, ఆస్ట్రేలియాలో ఉంది, మెక్సికోలో, ఫ్లోరిడాలో, హవాయి దీవుల్లో ఉంది. ఎవరూ కావాలని తీసుకెళ్లలేదు. తోట మొక్కల మట్టిలో దాగి వెళ్లింది. ఇంగ్లీషులో దాన్ని ఫ్లవర్‌పాట్ స్నేక్ అంటారు.

అన్ని పాముల్లో ఇదొక్కటే ఎందుకు ఇంతగా వ్యాపించింది? ఈ జాతిలో మగ పాములు లేవు. అన్నీ ఆడవే. జత అవసరం లేకుండానే ఒక్కో పాము గుడ్లు పెడుతుంది, అవి మళ్లీ ఆడ పాములే అవుతాయి. జాతి మొత్తం ఇలాగే బతుకుతున్న పాము మనకు తెలిసినంతలో ఇదొక్కటే. కాబట్టి ఒక్క కుండీలో ఒక్క పాము వెళ్తే చాలు, ఒక కొత్త దేశంలో వంశం మొదలైనట్టే. ఒంటరిగా వచ్చిన మిగతా జాతుల పాముకు ఈ సౌకర్యం లేదు.

నిలదొక్కుకోవడం అంత తేలిక కాదు

లోడుతో వచ్చిన ఒక పాము కొత్త చోట ఒక సంతతిగా మారాలంటే వరసగా చాలా కలిసిరావాలి. దించేటప్పుడు కర్ర దెబ్బ తప్పించుకోవాలి. నీడ, నీరు, ఎర దొరకాలి. ఆ వాతావరణం దానికి సరిపడాలి. అదే జాతిలో తోడు దొరకాలి. పుట్టిన పిల్లల్లో కొన్నయినా పెద్దవాలి. సాధారణంగా ఈ గొలుసు ఎక్కడో ఒక చోట తెగిపోతుంది.

తెగకుండా ఉండే దారులు కూడా ఉన్నాయి. కడుపుతో ఉన్న ఆడ పాము వస్తే తోడు సమస్య తీరిపోతుంది. రక్తపింజరి గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది, ఒక్క కాన్పులో 20 నుంచి 40 దాకా ఉండటం మామూలు. కొన్ని జాతుల ఆడ పాములు మగ పాము బీజాన్ని చాలా కాలం ఒంట్లో దాచుకోగలవు. అమెరికాలో ఐదేళ్లు ఒంటరిగా ఉంచిన ఒక ఆడ రాటిల్‌స్నేక్ 19 పిల్లల్ని కన్నది. కాబట్టి ‘ఒక్క పామే కదా’ అనే ధీమా అన్నిసార్లూ సరికాదు.

అలా నిలదొక్కుకున్నప్పుడు ఏం జరుగుతుందో దీవులు చూపించాయి. పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ దీవికి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైనిక సరుకులతో బ్రౌన్ ట్రీ స్నేక్ అనే చెట్టు పాము చేరింది. అక్కడి పక్షులకు అలాంటి పాము ఎప్పుడూ ఎదురవలేదు. అడవి పక్షుల 12 జాతుల్లో 10 ఆ దీవి మీద కనుమరుగయ్యాయి. కరెంటు తీగల మీదికి పాకి సరఫరా ఆపేయడం అక్కడ మామూలు సంగతి అయిపోయింది. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవికి 1980లలో తోడేలు పాము జాతి ఒకటి సరుకులతో చేరింది. అక్కడ తప్ప ఎక్కడా లేని బల్లి జాతులు కొన్ని ఆ తర్వాత అడవిలో లేకుండా పోయాయి. వాటిలో ఒక రకం స్కింక్ బల్లి, ఆ జాతిలో మిగిలిన చిట్టచివరిది, 2014లో బోనులో చనిపోయింది.

మన విషయానికి అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ స్పెయిన్‌లోని ఇబిజా దీవి. అక్కడ తోటల అలంకరణ కోసం స్పెయిన్ ప్రధాన భూభాగం నుంచి వయసు మళ్లిన ఆలివ్ చెట్లను వేర్లతో సహా తెప్పించుకున్నారు. ఆ చెట్ల తొర్రల్లో, వేరు ముద్దల్లో పాములూ వాటి గుడ్లూ ఉన్నాయి. 2003 నుంచి అక్కడ హార్స్‌షూ విప్ స్నేక్ అనే విషం లేని పాము కనబడటం మొదలైంది. కొద్ది ఏళ్లలోనే దీవిలో చాలా భాగం ఆక్రమించింది. ఇబిజాకు గుర్తుగా చెప్పుకునే రంగురంగుల బల్లి, పాము చేరిన చోటల్లా మాయమవుతోంది. దేశం మారలేదు, సముద్రంలో కొంచెం దూరం మాత్రమే. విషం లేదు, మనిషికి హాని లేదు. అయినా ఒక జాతి ఉనికికే ముప్పు వచ్చింది. ఇవాళ మన దగ్గర కూడా రిసార్టులకు, అపార్ట్‌మెంట్లకు ముదురు చెట్లను వేరు ముద్దలతో ట్రైలర్ల మీద తరలిస్తున్నారు. తొర్ర ఉన్న ముదురు చెట్టు ఖాళీగా వస్తుందని అనుకోవడం పొరపాటు.

మరి గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలకు ఇదే ప్రమాదం ఉందా? నిజం చెప్పాలంటే, ఇబిజాతో పోలిస్తే చాలా తక్కువ. మనది దీవి కాదు. శ్రీకాకుళంలో ఉన్న నాగు, కట్లపాము, రక్తపింజరి, జెర్రిపోతు ఇక్కడా ఉన్నాయి. ఇక్కడి కప్పలు, పక్షులు, బల్లులు తరతరాలుగా పాముల మధ్యే బతుకుతున్నాయి. ఇంకో నాగుపాము వచ్చిందని ఇక్కడి అడవి తలకిందులు కాదు. “బయటి పాము” అని జనం అనుకునేవాటిలో చాలావరకు ఇక్కడివే. పసుపు, నలుపు పట్టీలతో మెరిసే పెద్ద కట్లపామును చూసి ఏదో విదేశీ పాము అనుకుంటారు. అది ఒడిశాలోనూ ఉత్తరాంధ్రలోనూ సహజంగా ఉన్నదే, రాత్రి పూట తిరిగేది కాబట్టి కంటపడదు, అంతే. కట్లపామని భ్రమపడి కొట్టి చంపే తోడేలు పాము కూడా స్థానికమే, విషం లేనిదే.

రాష్ట్రాల మధ్య గీత పాముకు సరిహద్దు కాదు. ఘాట్ రోడ్డు మాత్రం నిజమైన సరిహద్దే. సాలూరు దగ్గర మైదానంలో ఎక్కించిన లోడు కొన్ని గంటల్లో సుమారు 900 మీటర్ల ఎత్తున్న కొరాపుట్ పీఠభూమి మీద దిగుతుంది. చలి వేరు, వాన వేరు, అడవి వేరు. పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య రాష్ట్రం మారినా పాముకు ఏమీ మారదు. అదే రాష్ట్రంలో బరంపురం నుంచి కొరాపుట్ వెళ్తే చాలా మారుతుంది.

కాటు పడితే

సరుకు పాముల వల్ల మన జిల్లాల్లో అసలు నష్టం కళాసీలకు, క్లీనర్లకు, గడ్డి కొనుక్కున్న ఇంటివాళ్లకు. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని, అంటే ఏటా సగటున 58,000 మంది అని 2020లో వచ్చిన పెద్ద అధ్యయనం అంచనా వేసింది. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలోనే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఒడిశా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. సరిహద్దుకు ఇటూ అటూ మనవాళ్లే.

మన దేశంలో దొరికే యాంటీవెనమ్ ఒకే సీసాలో నాలుగు పాముల విషానికి విరుగుడు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. గుర్రాలకు ఈ విషాలను కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకాలను వేరుచేసి మందు చేస్తారు. ఇందుకు కావలసిన విషం ఎక్కువ భాగం తమిళనాడులో ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. 1978లో పుట్టిన సంఘం అది. ఆ చుట్టుపక్కల జిల్లాల్లో పట్టిన పాముల విషం అది.

చిక్కు ఇక్కడే. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఈ మధ్య కాలంలో వరసగా చూపించారు. తినే ఎర, వాతావరణం మారితే విషంలోని ప్రోటీన్ల పాళ్లు మారతాయి. తమిళనాడు పాముల మీద తయారైన మందు దూర ప్రాంతాల పాముల మీద అంతే బలంగా పనిచేయకపోవచ్చు. ఇక ఆ నాలుగింటిలో లేని జాతులకు ఇంకా కష్టం. పడగ మీద కళ్లజోడు గుర్తుకు బదులు ఒకే గుండ్రటి వలయం ఉండే నాగు ఉత్తర ఒడిశా తీరంలో, బెంగాల్‌లో ఉంటుంది. దాని విషం మీద మన యాంటీవెనమ్ అంత గట్టిగా పనిచేయదు. వెదురు పొదల పచ్చ పింజరి విషానికి ఈ సీసాలో విరుగుడు లేనేలేదు. అదృష్టం ఏమిటంటే దాని కాటుతో మనుషులు చనిపోవడం అరుదు. వాపు, నొప్పి తీవ్రంగా ఉంటాయి. దానికి సీసాల మీద సీసాలు ఎక్కిస్తే ఉపయోగం ఉండదు, మందు వికటించే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

దీన్ని చదివి ఎవరూ ‘మందు పనిచేయదట’ అనే నిర్ణయానికి రావద్దు. దయచేసి రావద్దు. మన జిల్లాల్లో ప్రాణం తీసే కాట్లలో చాలావరకు ఈ నాలుగు జాతులవే, ఆ మందే ప్రాణం నిలుపుతోంది. డాక్టరు మొదట చూసేది పాము పేరు కాదు, లక్షణాలు. రెప్పలు వాలిపోతున్నాయా, మాట ముద్దవుతోందా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా? చిన్న గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డ కట్టకపోతే పింజరి జాతి విషం రక్తాన్ని పాడుచేసిందని అర్థం. ఈ పరీక్షకు పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, కొండ మీది చిన్న ఆసుపత్రిలో కూడా చేయవచ్చు.

లోడు ఎక్కడిదన్న సమాచారం ఆ తర్వాత పనికొస్తుంది. మందు ఇచ్చినా రోగి తేరుకోకపోతే డాక్టరు వేరే దారి ఆలోచించాలి. ఆ సమయంలో “వెదురు లోడు దించుతుంటే కరిచింది, లోడు ఫలానా కొండ ఊరిది” అని ఎవరైనా చెబితే ఆలోచన త్వరగా సరైన వైపు తిరుగుతుంది. బరంపురం, కొరాపుట్ వైద్య కళాశాలల ఆసుపత్రులకో, విశాఖ కేజీహెచ్‌కో పంపేటప్పుడు చీటీలో ఆ ఒక్క ముక్క రాస్తే అక్కడి వైద్యులకూ ఉపయోగం.

కట్లపాము గురించి విడిగా చెప్పాలి. అది రాత్రి పూట, నిద్రలో ఉన్నవాళ్లను కరుస్తుంది. నొప్పి అంతగా ఉండదు, వాపు ఉండదు, గాట్లు కూడా కనబడకపోవచ్చు. లోడు మీదే పడుకునే క్లీనరు, గోదాము నేల మీద గోనె పరుచుకుని పడుకునే కళాసీ తెల్లారి కడుపునొప్పి అంటూ లేస్తారు. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంటారు. కాసేపటికి రెప్పలు బరువెక్కుతాయి. అప్పటికే విషం నరాల చివర్లలో పని మొదలుపెట్టి ఉంటుంది, వెంటిలేటర్ అవసరం పడవచ్చు. రాత్రి లోడు దగ్గర పడుకున్న మనిషి పొద్దున్నే కడుపునొప్పి, రెప్పలు వాలడం అంటే ముందు పాముకాటునే అనుమానించాలి.

కట్టు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పసరు పోయకూడదు. ఉంగరాలు, కడియాలు, మొలతాడు లాంటివి తీసేసి, కరిచిన చెయ్యో కాలో కదలకుండా కర్ర ఆసరాతో ఉంచి 108కి ఫోన్ చేయాలి. పామును వెతికి చంపే పనిలో సమయం పోగొట్టొద్దు. దూరం నుంచి ఫోన్‌లో ఫొటో దొరికితే చాలు.

పట్టుకున్నాక ఎక్కడ వదలాలి

మంచి మనసున్నవాళ్లు పొరపాటు చేసేది ఇక్కడ. పామును చంపకుండా డబ్బాలో పట్టి, బైకు మీద పెట్టుకుని, ఊరికి దూరంగా ‘మంచి అడవి’ చూసి వదిలి వస్తారు. మహేంద్రగిరి వైపో, ఘాట్ మలుపులోనో. చంపలేదన్న తృప్తి ఉంటుంది. ఆ పాముకు ఏమైందో ఎవరూ చూడరు.

చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో రాటిల్‌స్నేక్‌లకు రేడియో పరికరాలు అమర్చి గమనించారు, ఫలితాలు 1999లో వచ్చాయి. దూరంగా తరలించిన పాముల్లో సగానికి పైగా చనిపోయాయి. తమ చోటే ఉన్నవాటిలో మరణాలు పదింట ఒకటి చొప్పునే. కర్ణాటకలోని అగుంబెలో రాచనాగుల మీద చేసిన అధ్యయనం చాలా చిన్నది. కానీ అందులో కూడా తరలించిన పాము స్థిరపడకుండా దూరదూరాలు తిరుగుతూనే ఉంది. ఏ బొరియలో ఎలుక దొరుకుతుందో, ఎండకు ఏ బండ కిందికి పోవాలో పాముకు తన చోట తెలుసు. కొత్త చోట తెలియదు. తిరిగే కొద్దీ రోడ్లు దాటుతుంది, ఇళ్లలోకి వస్తుంది. దాన్ని ఒక ఊరి నుంచి తీసి ఇంకో ఊరి మీద వదిలినట్టు అవుతుంది.

జబ్బుల సంగతి కూడా ఉంది. ఫ్లోరిడాలో పెంపకం కోసం తెచ్చి వదిలేసిన బర్మా కొండచిలువల ఊపిరితిత్తుల్లో ఆసియా పరాన్నజీవి ఒకటి ఉంది. అది అక్కడి స్థానిక పాముల్లోకి పాకి వాటిని చంపుతోంది. పాము ఒంటరిగా ప్రయాణం చేయదు, దాని ఒంట్లో ఉన్నవన్నీ దానితో వస్తాయి.

కాబట్టి ఇక్కడి ఇంటి పాముకు వర్తించే పద్ధతి లోడు పాముకు వర్తించదు. ఇంట్లో దూరిన స్థానిక పామును ఆ దగ్గర్లోనే, మనుషులు తిరగని చోట వదలడం మంచిది. వంద కిలోమీటర్ల అవతల నుంచి లోడులో వచ్చినదాన్ని పక్క కొండ మీద వదలకూడదు. దాన్ని అటవీ శాఖకు అప్పగించి, ఏ లోడులో వచ్చిందో చెప్పాలి. దాన్ని తిరిగి పంపాలా, ఏం చేయాలా అన్నది వాళ్లు తేల్చాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పాములకు రక్షణ ఉంది, అనుమతి లేకుండా పట్టి ఇంకో చోటికి మోసుకుపోవడానికి మనకు హక్కు లేదు.

ఆ చట్టంలో ఖాళీ కూడా ఉంది, అది నన్ను కలవరపెడుతుంది. 2022 సవరణతో ‘ఆక్రమణ స్వభావం ఉన్న విదేశీ జాతులు’ అన్న మాట చట్టంలోకి వచ్చింది. భారతదేశానికి చెందని జాతి అని దాని నిర్వచనం. అంటే దేశం లోపలే ఒక మూల నుంచి ఇంకో మూలకు చేరి నష్టం చేసే జీవి ఆ నిర్వచనంలోకి రాదు. ఇది ఊహ కాదు. అండమాన్ దీవులకు ప్రధాన భూభాగం నుంచి వెళ్లిన చేప పిల్లల సరుకులో మన పొలాల పెద్ద గోదురు కప్ప కలిసి వెళ్లింది. ఇప్పుడది అక్కడ చెరువుల్లో విపరీతంగా పెరిగి స్థానిక కప్పలను, బల్లులను తినేస్తోంది. కోళ్లు పెంచుకునేవాళ్ల కోడిపిల్లలను కూడా. అది భారతీయ జాతే. వెళ్లింది రైతుల సరుకులోనే.

విదేశాల నుంచి ఓడరేవుకు వచ్చే మొక్కలకు, కలపకు 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు కింద తనిఖీ ఉంది, అది కూడా తెగుళ్ల కోసమే. రాష్ట్రాల మధ్య తిరిగే గడ్డి, గెలలు, దుంగలను పాముల కోసం చూసే ఏర్పాటు ఏదీ లేదు. 2017లో జీఎస్టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టులు కూడా ఎత్తేశారు, లారీ ఆగే చోటే తగ్గింది. పన్ను లేని సరుకులకు ఈ-వే బిల్లు, అంటే సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చెప్పే జీఎస్టీ పత్రం, అక్కర్లేదు. గడ్డికి, పచ్చి అరటికి చాలాసార్లు అసలు కాగితమే ఉండదు. ఏ ఊళ్లో ఎక్కించారో తెలిసినది డ్రైవరుకే.

దించే దగ్గర

కళాసీ మేస్త్రీలకు, గోదాము యజమానులకు నా విన్నపం. గడ్డి లారీ వచ్చాక వెంటనే చేతులు పెట్టకండి. టార్పాలిన్ తీసి, పొడవాటి కర్రతో పై మోపులను కదిపి, కొంతసేపు అలా వదిలేయండి. మోపును చేత్తో కౌగిలించి లాగేకంటే కొక్కెంతో ముందుకు లాగి చూసి ఎత్తడం మేలు. అడుగు వరస చీకటి పడ్డాక దించొద్దు. ఎక్కువ పాములు ఉండేది అక్కడే, కట్లపాము తిరిగేది ఆ వేళకే. దుంగలు, వెదురు నేలకు ఆనించి పేర్చకుండా కింద రెండు అడ్డకర్రలు వేస్తే అడుగు కనబడుతుంది. నర్సరీ మొక్కలను కుండీ కింద ఒకసారి చూసి పెట్టుకోండి. గుడ్డిపాము కనబడితే చంపకండి, అది మన చెదలను తింటుంది. ముదురు చెట్టు తెప్పించుకునేవాళ్లు తొర్రల్లో ఏముందో ఎక్కించే చోటే చూడమని నర్సరీకి ముందే చెప్పండి.

మోకాలి దాకా వచ్చే గమ్‌బూట్లు, మందపాటి చేతి తొడుగులు సరుకు యజమానే కొనివ్వాలి. రోజు కూలీ మీద బతికే మనిషి వాటిని తన డబ్బుతో కొనుక్కోవాలనడం అన్యాయం. పాముకాటు మరణాన్ని ఒడిశా ప్రభుత్వం రాష్ట్ర స్థాయి విపత్తుల్లో చేర్చింది, కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఊళ్లోనే అంత్యక్రియలు చేసేస్తే, పాముకాటే అని చెప్పే కాగితం లేక ఆ కుటుంబం సాయం అడగడానికి కూడా కష్టపడుతుంది.

లారీ వెళ్లిపోకముందు డ్రైవరును అడిగి సరుకు పుస్తకంలో రాయాల్సినవి మూడే: ఎక్కించిన ఊరూ జిల్లా, దారిలో రాత్రి ఆగిన చోటు, అతని ఫోన్ నంబరు. కాటు పడితే ఆ పేజీని ఫొటో తీసి ఆసుపత్రికి, పాము దొరికితే అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు పంపితే సరిపోతుంది.